కిడ్నీ ధమనిలో అన్యూరిజం: ఆపరేషనా, స్టెంటా, కాయిలా, లేక ఏమీ చేయకుండా ఉండటమా?

పిత్తాశయంలో రాళ్ల కోసమో, తగ్గని నడుము నొప్పి కోసమో స్కాన్ తీయిస్తారు. అడిగినదాని సంగతి రాశాక రిపోర్టు చివర్లో "కుడి రీనల్ ఆర్టరీలో 1.6 సెంటీమీటర్ల సాక్యులర్ అన్యూరిజం" (అంటే కిడ్నీ ధమని గోడ సంచిలా ఉబ్బింది) అని ఇంకో లైను ఉంటుంది. ఈ జబ్బు ఉన్నట్టు చాలామందికి తెలిసేది ఇలాగే, ఏ బాధా లేకుండా, అనుకోకుండా. ఇక ఆ రాత్రంతా ఫోన్‌లో వెతకడం, "పగిలితే ప్రాణాపాయం" అన్న ముక్క ఒక్కటే పట్టుకుని టెన్షన్ పడటం, మర్నాడు డాక్టర్ ముందు కూర్చోగానే "స్టెంట్ మంచిదా, ఓపెన్ ఆపరేషన్ మంచిదా?" అని అడిగేయడం. కానీ ఆ ప్రశ్నకు ఇంకా టైం ఉంది. అసలు దాన్ని ముట్టుకోవాలా వద్దా అన్నది ముందు తేలాలి. ముట్టుకోవాల్సిందే అని తేలితే, అది ధమనిలో సరిగ్గా ఎక్కడ ఉందో చూడాలి. ఈ రెండూ తెలిశాక ఏ పద్ధతి అన్నది సగానికి పైగా దానంతట అదే తేలిపోతుంది.

గుండె నుంచి కిందికి దిగే పెద్ద ధమని నుంచి ఒక్కో కిడ్నీకి ఒక్కో రీనల్ ఆర్టరీ వెళ్తుంది (కొందరికి ఒకే కిడ్నీకి రెండు మూడు కూడా ఉంటాయి). కిడ్నీ దగ్గరికి చేరాక అది రెండుగా చీలి, ఆ రెండూ మళ్లీ చిన్న చిన్న కొమ్మలవుతాయి. గోడ బలహీనపడిన చోట సంచిలా ఉబ్బితే అదే అన్యూరిజం. ఎక్కువ భాగం ఆ మొదటి చీలిక దగ్గరే వస్తాయి. వెయ్యి మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. ఆడవాళ్లలో ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లలో ఎక్కువ. ఫైబ్రోమస్క్యులర్ డిస్‌ప్లేసియా అనే ధమని గోడ జబ్బు, అథెరోస్క్లెరోసిస్ (ధమని గోడలో కొవ్వు పేరుకోవడం), ఎహ్లర్స్ డాన్లోస్ లాంటి పుట్టుకతో వచ్చే సమస్యలు దీని వెనక ఉండే కారణాల్లో ముఖ్యమైనవి. ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోండి, కింద చెప్పేవాటిలో సగం దీని మీదే నడుస్తాయి: కిడ్నీ లోపలి కొమ్మలకు పక్కదారులు లేవు. ఒక కొమ్మ మూసుకుపోతే అది రక్తం ఇచ్చే ముక్క చచ్చిపోతుంది, పక్క కొమ్మ వచ్చి ఆదుకోదు.

సరే, ముట్టుకోవాలా వద్దా?

చాలాకాలం పాటు 2 సెంటీమీటర్లు దాటితే ఆపరేషన్ అనేది లెక్క. 2015లో అమెరికాలోని 16 ఆసుపత్రులు తమ రికార్డులన్నీ ఒకచోట పెట్టి చూసినప్పుడు ఆ లెక్క కదిలింది. 624 మంది రోగులు, 865 అన్యూరిజంలు. వాటిలో పగిలినవి మూడంటే మూడే, ఆ ముగ్గురూ బతికారు. ఆపరేషన్ చేయకుండా వదిలేసిన వాళ్లను సగటున నాలుగేళ్లు గమనిస్తే ఒక్కటీ పగల్లేదు, వాళ్లలో 2 సెంటీమీటర్లు దాటినవాళ్లు కూడా చాలామందే ఉన్నారు. పెరుగుదల సగటున ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా లేదు. ఇంకో పాత నమ్మకం కూడా అందులోనే పోయింది: గోడ మీద కాల్షియం పేరుకుంటే పెరగదులే అని ధైర్యం చెప్పేవాళ్లు, దానికి ఆధారం దొరకలేదు. 2020లో అమెరికాలోని సొసైటీ ఫర్ వాస్క్యులర్ సర్జరీ ఇచ్చిన మార్గదర్శకాలు ఇలాంటి సమాచారం చూసే, ఏ ఇబ్బందీ పెట్టని అన్యూరిజంకి, ఆపరేషన్ తట్టుకోగల మనిషిలో, హద్దును 3 సెంటీమీటర్లకు మార్చాయి. ఇప్పటికీ 2 దగ్గరే ఆపరేషన్ అనే డాక్టర్లు ఉన్నారు, వాళ్లను తప్పు పట్టలేం, మీ కేసులో వేరే కారణం ఉండొచ్చు. అయితే ఆ కారణమేంటో నోటితో చెప్పించుకోండి. 1.8 సెంటీమీటర్ల అన్యూరిజం చూపించి "ఈ వారమే అడ్మిట్ అవ్వండి" అంటే, లక్షణాలేవీ లేనప్పుడు, ఇంకో వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్‌కి స్కాన్ సీడీ చూపించే తీరిక మీకు కచ్చితంగా ఉంది.

సైజుతో పని లేకుండా చికిత్స చేయించుకోవాల్సిన వాళ్లు కొందరున్నారు. మొదటిది, ఇక ముందు గర్భం దాల్చే అవకాశం ఉన్న ఆడవాళ్లు. మామూలుగా ఈ అన్యూరిజం పగిలితే చనిపోయే ప్రమాదం పది శాతం చుట్టుపక్కల అంటారు. గర్భంతో ఉన్నప్పుడు, ముఖ్యంగా చివరి నెలల్లో పగిలితే, ఇంతవరకు నమోదైన కేసుల ప్రకారం తల్లులు సగం మంది దాకా, బిడ్డలు అంతకంటే ఎక్కువగా దక్కలేదు. అందుకే 1.3 సెంటీమీటర్లే కదా అని వదిలేయకుండా, గర్భం కోసం ప్రయత్నించక ముందే దీని పని చూసుకోమంటారు. రెండోది, డొక్కలో నొప్పి, మూత్రంలో రక్తం లాంటి లక్షణాలు ఇస్తున్నవి, వాటికి వేరే కారణం దొరకనప్పుడు. మూడోది, అన్యూరిజంతో పాటు ధమని సన్నబడి, మూడు నాలుగు మందులు వేసినా బీపీ దిగకపోతే.

బీపీ విషయంలో కొంచెం ఆగండి. "ఆపరేషన్ చేయించుకుంటే బీపీ మాత్రలు మానేయొచ్చు" అని ఆశపడి బల్ల ఎక్కేవాళ్లు ఉంటారు. పైన చెప్పిన 2015 సమాచారంలోనే, ఆపరేషన్ తర్వాత బీపీ పూర్తిగా పోయింది సుమారు మూడో వంతు మందికి, తగ్గింది నాలుగో వంతు మందికి, మిగతావాళ్లకు ఉన్నదున్నట్టే ఉంది. ధమని సన్నబడినట్టు స్కాన్‌లో తేలితే ఆశకు అర్థం ఉంది, లేకపోతే అది లాటరీ టికెట్టే.

ఇంకో రకం ఉంది, దాన్ని వీటితో కలపకూడదు. కిడ్నీ బయాప్సీ తర్వాతో, రాళ్లు తీసిన తర్వాతో, దెబ్బ తగిలాకో వచ్చే సూడోఅన్యూరిజం. దానికి మూడు పొరల గోడ ఉండదు, సెంటీమీటర్ల లెక్క వర్తించదు, రక్తం పోతూ ఉంటుంది. అక్కడ కాథెటర్‌తో, అంటే రక్తనాళంలోకి పంపే సన్నటి గొట్టంతో వెళ్లి ఆ కొమ్మను మూసేయడమే మొదటి మాట, దాదాపు చర్చ ఉండదు.

గమనిస్తూ ఉండటం అనే దారి పడినవాళ్లకు: ఏడాదికోసారి సీటీ యాంజియో (మందు ఎక్కించి రక్తనాళాలను చూసే సీటీ స్కాన్), వరుసగా రెండుసార్లు మార్పు లేకపోతే ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి. చిన్న వయసువాళ్లయితే రేడియేషన్ పేరుకోకుండా ఎంఆర్ యాంజియో గురించి అడగండి. వీలైతే ప్రతిసారీ ఒకే చోట, ఒకే రకం స్కాన్ తీయించుకోండి, పాత సీడీ వెంట తీసుకెళ్లి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి కొలవమనండి. పోయినసారి 1.6, ఈసారి 1.8 అని రిపోర్టులో కనిపిస్తే గుండె గుభేలుమంటుంది కానీ, గీత అడ్డంగా గీసి కొలిచారా ఏటవాలుగా గీశారా అన్నదాంతోనే ఆ రెండు మిల్లీమీటర్లు వస్తాయి. బీపీ అదుపులో ఉంచుకోవడం, సిగరెట్ మానేయడం ఎలాగూ తప్పదు.

ఇప్పుడు చేయాల్సిందే అని తేలిందనుకుందాం. సీటీ యాంజియో పలుచటి ముక్కలతో తీసి, కంప్యూటర్‌లో మూడు వైపులా తిప్పి చూస్తే అన్యూరిజం చోటు బయటపడుతుంది. ఆ బొమ్మ మీకు కూడా చూపించమని అడగండి, చాలామంది సర్జన్లు విసుక్కోకుండా చూపిస్తారు.

చీలికకు ముందు, నేరుగా ఉన్న ధమని మొండెంలో ఉంటే మీ అదృష్టం బాగున్నట్టే. అక్కడ కవర్డ్ స్టెంట్ అనే గుడ్డ తొడుగున్న జాలీ గొట్టం పెట్టొచ్చు. గజ్జలోనో మణికట్టు దగ్గరో సూది గుచ్చి లోపలికి పంపి, సంచి నోటికి అడ్డంగా తెరుస్తారు, రక్తం గొట్టంలోంచి నేరుగా పోతుంది, బయట మిగిలిన సంచి మెల్లగా గడ్డకట్టుకుపోతుంది. రెండు వైపులా స్టెంట్ ఆనుకోవడానికి మంచి గోడ కాస్త మిగిలి ఉండాలి, మధ్యలో వేరే కొమ్మ బయల్దేరకూడదు, ధమని మరీ వంకరగా ఉండకూడదు. ఇవన్నీ కుదిరితే ఒకట్రెండు రోజుల్లో ఇంటికెళ్లిపోవచ్చు. ఆ తర్వాత రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి మందులు కొన్ని నెలలు తప్పవు, వాటిలో ఒకటి ఆ తర్వాత కూడా కొనసాగుతుంది. స్టెంట్ లోపల మూసుకుపోతే ఆ కిడ్నీ మొత్తానికి ముప్పు, ఎందుకంటే అది ఉన్నది ప్రధాన ధమనిలో. వయసు మీద పడి, గుండె బలహీనంగా ఉండి, పెద్ద ఆపరేషన్ తట్టుకోలేని మనిషికి ఇది బాగా సరిపోతుంది. ముప్పై ఏళ్ల మనిషికి ఆ స్టెంట్ ఇంకో నలభై యాభై ఏళ్లు తెరిచి ఉండాలి కదా, అక్కడ నేను అంత తొందరపడను.

కిడ్నీ లోపలి చిన్న కొమ్మల్లో ఉంటే కూడా లెక్క కొంచెం తేలికే. ఆ కొమ్మను కాయిల్స్‌తోనో జిగురులాంటి ద్రవంతోనో మూసేస్తారు. అది రక్తం ఇచ్చే చిన్న ముక్క పోతుంది, రెండు మూడు రోజులు డొక్కలో నొప్పి, కాస్త జ్వరం ఉండొచ్చు, మిగతా కిడ్నీ పనిచేస్తూనే ఉంటుంది. ఎంత శాతం పోతుందో ముందే అంచనా చెప్పమనండి. ఇంకో కిడ్నీ బాగుండి, పోయేది కొద్ది భాగమైతే ఒప్పుకోవచ్చు. ఉన్నది ఒకటే కిడ్నీ అయితే, లేదా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఇప్పటికే ఎక్కువగా ఉంటే, ఆ కొద్ది భాగం కూడా ఖరీదైనదే.

అసలు గొడవంతా చీలిక దగ్గర ఉన్నవాటితోనే, దురదృష్టం ఏంటంటే ఎక్కువ శాతం అక్కడే ఉంటాయి. సంచి నోట్లోంచే రెండు మూడు కొమ్మలు బయల్దేరుతుంటాయి. అక్కడ కవర్డ్ స్టెంట్ పెడితే ఒక కొమ్మకు దారి మిగిలి, ఇంకోటి మూసుకుపోతుంది. అందుకని కాథెటర్ పద్ధతుల్లో ఇక్కడ చేసేది సంచిని కాయిల్స్‌తో నింపడం. ప్లాటినం తీగ, వెంట్రుకంత సన్నగా ఉంటుంది, సంచిలోకి వదలగానే చుట్టలు తిరుగుతుంది, ఒకదాని మీద ఒకటి అలా ఉండలా నింపుకుంటూ పోతారు. సంచి నోరు ఇరుకుగా ఉంటే ఆ ఉండ లోపలే కూర్చుంటుంది. నోరు వెడల్పుగా ఉంటే చుట్టలు జారి ధమనిలోకి వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి నోటికి అడ్డంగా బెలూన్ ఊది పట్టుకోవడమో, జాలీ స్టెంట్ పెట్టి దాని కన్నాల్లోంచి నింపడమో చేస్తారు. మెదడులోని అన్యూరిజంలకు వాడే ఫ్లో డైవర్టర్లు అనే దట్టమైన అల్లిక స్టెంట్లను కూడా కొందరు ఇక్కడ వాడుతున్నారు, ఫలితాలు బాగున్న కేసులున్నాయి కానీ పదేళ్ల తర్వాత ఏమవుతుందో చెప్పేంత అనుభవం కిడ్నీ విషయంలో ఎవరి దగ్గరా లేదు. అందుకని కాయిలింగ్ మాట వచ్చినప్పుడు మీరు అడగాల్సిన మొదటి కొలత సంచి సైజు కాదు, దాని నోటి వెడల్పు. ఆ సంఖ్య రిపోర్టులో లేకపోతే కొలిచి రాయమనండి.

కాయిల్స్‌తో ఉన్న ఇంకో తలనొప్పి ఏంటంటే, కొన్నాళ్లకు ఆ ఉండ నొక్కుకుపోయి సంచిలోకి మళ్లీ రక్తం వెళ్లడం మొదలవ్వొచ్చు. అంటే స్కాన్లు చాలాకాలం తీయించుకుంటూనే ఉండాలి, అవసరమైతే మళ్లీ బల్ల ఎక్కాలి. దూరం ప్రయాణం చేసి ఆసుపత్రికి రావడం కష్టమైన మనిషి, రెండేళ్లు బాగుంటే ఇక ఫాలో అప్ మానేసే మనిషి (అలాంటివాళ్లు మనలో చాలామందిమి), ఈ సంగతి నిజాయితీగా ముందే లెక్కేసుకోవాలి.

ఓపెన్ ఆపరేషన్ పేరు వింటే భయం వేస్తుంది, కానీ చీలిక దగ్గరున్న అన్యూరిజంకి, ఆరోగ్యంగా ఉన్న మనిషిలో, 2020 మార్గదర్శకాలు మొగ్గేది దీనివైపే. నా మొగ్గు కూడా అటే. పొట్ట మీద పెద్ద కోత పెట్టి ధమనిని, కొమ్మల్ని విడివిడిగా బయటికి తీస్తారు, గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చి క్లాంపులు వేస్తారు. అక్కణ్ణుంచి గడియారంతో పందెం. మామూలు ఒంటి వేడిలో రక్తం అందకుండా కిడ్నీ అరగంట, మహా అయితే ముప్పావు గంట తట్టుకుంటుంది. ఈ లోపు సంచిని కోసి తీసేసి గోడను నేరుగా కుట్టేస్తారు, గోడ చాలకపోతే తొడలోంచి తీసిన సిర ముక్కతో అతుకు వేస్తారు, అదీ చాలకపోతే ఆ భాగం మొత్తం తీసేసి సిరతోనే బైపాస్ పెడతారు. పిల్లల్లో అయితే సిర కాలక్రమంలో ఉబ్బిపోతుందని కటి భాగంలోని ధమని ముక్కను వాడటానికి ఇష్టపడతారు. వారం అటూ ఇటూ ఆసుపత్రిలో, తర్వాత పనుల్లో పడటానికి నెలన్నర, రెండు నెలలు. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, బైపాస్ మూసుకుపోవడం, కోత దగ్గర హెర్నియా, ఇవన్నీ జరగగలవు. అయితే ఒకసారి సరిగ్గా కుదిరితే ఏళ్ల తరబడి నిలుస్తుంది, కొమ్మలన్నీ దక్కుతాయి. కొన్ని చోట్ల ఇదే కుట్టును రోబోతో, చిన్న కన్నాల్లోంచి చేస్తున్నారు. అలా చేయగల చెయ్యి ఉన్న చోట అది మంచిదే, రోబో ఉంది కదా అని మాత్రం వెళ్లకండి.

కొమ్మలు నాలుగైదు చిక్కుపడి, లోపల అరగంటలో కుట్టడం అయ్యే పని కాదనుకుంటే కిడ్నీని బయటికి తీసి బాగుచేస్తారు. వినడానికి కథలా ఉంటుంది కానీ కొత్తదేమీ కాదు, మనిషి కిడ్నీని తీసి అదే మనిషికి ఇంకోచోట అమర్చడం 1963లోనే జేమ్స్ హార్డీ అనే అమెరికన్ సర్జన్ మూత్రనాళం దెబ్బతిన్న కేసులో చేశాడు. కిడ్నీ బయటికి రాగానే దాని ధమనిలోకి 4 డిగ్రీల చల్లటి ద్రవం ఎక్కిస్తారు, సిరలోంచి వచ్చేది ఎరుపు పోయి తేటబడేదాకా. తర్వాత మంచుముక్కల గిన్నెలో పెట్టి, పక్క బల్ల మీద, భూతద్దాల కళ్లజోళ్లతో ఒక్కో కొమ్మనూ తీరిగ్గా కుడతారు. చల్లదనంలో కిడ్నీకి అరగంట గడువు ఉండదు, గంటలు దొరుకుతాయి. బాగయ్యాక ఎక్కువగా పొట్ట కింది భాగంలో, తుంటి ఎముక లోపలి పక్కన అమరుస్తారు. కిడ్నీ మీదే కాబట్టి జీవితాంతం వేసుకునే రిజెక్షన్ మందుల బాధ లేదు. దీనికి వాస్క్యులర్ సర్జన్‌తో పాటు ట్రాన్స్‌ప్లాంట్ టీమ్ కూడా ఉండాలి.

ఇది ఎందుకు ఇంత సాగదీసి చెప్పానంటే, "ఇది చాలా కాంప్లికేటెడ్, కిడ్నీ తీసేయడమే మంచిది" అనే మాట విన్నవాళ్లు అక్కడితో ఆగిపోకూడదని. పగిలి బీపీ పడిపోతున్న మనిషిలో ప్రాణం కోసం కిడ్నీ తీసేయడం సరైన పనే. అప్పటికే ఎండిపోయి పనిచేయని కిడ్నీని తీయడమూ సరే. పనిచేస్తున్న కిడ్నీ, ప్లాన్ చేసుకున్న ఆపరేషన్, అప్పుడు మాత్రం ఒకటి అడగండి: బయటికి తీసి బాగుచేయడం వీలుకాదంటున్నారా, లేక ఇక్కడ చేయరంటున్నారా? ఈ రెండూ వేరువేరు జవాబులు. రెండోదైతే వేరే ఆసుపత్రికి రిఫర్ చేయమనడంలో మొహమాటం అక్కర్లేదు.

కొన్ని ఉదాహరణలతో నేనెటు మొగ్గుతానో చెప్తాను, మీ డాక్టర్ మాటకు ఇది బదులు కాదు. ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి, పిల్లలు కావాలి, చీలిక దగ్గర 1.5: గర్భానికి ముందే ఓపెన్ ఆపరేషన్, ఎందుకంటే నిలుస్తుంది, గర్భంలో రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మందులు వేసుకునే గొడవ ఉండదు. డెబ్బై రెండేళ్ల మనిషి, గుండెకు బైపాస్ అయింది, లక్షణాల్లేని 2.3: వదిలేసి గమనించడం. అదే మనిషికి మొండెంలో 3.4 ఉంటే: కవర్డ్ స్టెంట్. యాభై ఐదేళ్లు, ఆరోగ్యం బాగుంది, చీలిక దగ్గర 3.1, నోరు ఇరుకు: ఇక్కడ నిజంగా రెండు దారులూ సరైనవే, ఆ ఊళ్లో ఎవరి చెయ్యి బాగుంటే అటు. ఇది అరుదైన జబ్బు, మంచి సర్జన్ అయినా ఏడాదికి కొన్నే చూస్తాడు. అందుకే "మీరు ఎన్ని చేశారు, వాటిలో ఎన్ని కిడ్నీలు దక్కాయి" అని అడగడం తప్పు కాదు. ఓపెన్ ఒక్కటే చేసే సర్జన్, కాయిల్స్ ఒక్కటే చేసే రేడియాలజిస్ట్ ఎవరి పనిని వాళ్లు సిఫారసు చేయడం సహజం, ఇద్దరూ ఒకే సీడీ చూసి మాట్లాడుకునే చోటు దొరికితే అక్కడికే వెళ్లండి.

ఏ దారి పట్టినా రెండు పనులు మిగులుతాయి. కారణం ఫైబ్రోమస్క్యులర్ డిస్‌ప్లేసియా అని అనుమానం ఉంటే మెడ, తల ధమనుల్లో కూడా అన్యూరిజంలు ఉండొచ్చు కాబట్టి తల నుంచి కటి భాగం దాకా ఒక్కసారైనా సీటీ లేదా ఎంఆర్ యాంజియో తీయించుకోవాలి. కాయిల్స్ పెట్టించుకున్నవాళ్లు తర్వాతి స్కాన్లకు ఎంఆర్ గురించి అడగాలి, ఎందుకంటే సీటీలో ఆ లోహం చుట్టూ గీతలు గీతలుగా మెరుపు వచ్చి అసలు చూడాల్సిన చోటే కనబడదు. డిశ్చార్జి సమ్మరీలో ఏ లోహం, ఏ కంపెనీ స్టెంట్, ఏ తేదీన పెట్టారో రాయించుకుని ఒక ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి, ఎంఆర్ గది దగ్గర మొదట అడిగేది అదే.